జొన్నగిరి చేలో దొరికిన తెల్లరాయి వజ్రమేనా?

గాజును గీసింది కాబట్టి వజ్రమే కదా, బేరగాడు రేపే ఇచ్చేయమంటున్నాడు, ఏం చేయాలి అని అడిగారు. ముందు ఆ బేరం ఆపండి. రాయి ఆరు పలకలుగా, కాస్త పొడవుగా ఉంది, పక్కల మీద అడ్డంగా సన్నటి గీతలున్నాయి అన్నారు. ఆ గుర్తుల్ని బట్టి నాకైతే అది పలుగురాయి అనే అనిపిస్తోంది. అయినా నా మాట మీద వదిలేయకండి, ఇంట్లోనే తేల్చుకునే దారి ఉంది.

గాజు మీద గీత పడటం వజ్రానికి రుజువు కాదు. కాఠిన్యంలో గాజు సుమారు 5.5, పలుగురాయి 7, వజ్రం 10. అంటే రోడ్డు పక్కన దొరికే పలుగురాయి ముక్క కూడా గాజును గీసేస్తుంది. చాలామంది ఇక్కడే ఆశపడి టెన్షన్ తెచ్చుకుంటారు.

మాది గుంతకల్లు. తొలకరి పడగానే మా మేనమామతో కలిసి తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు వైపు వజ్రాలు వెతకడానికి వెళ్లడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. వానకు పైమట్టి కొట్టుకుపోయి కంకర తేలుతుంది. అందులో తళుక్కుమనేవి దాదాపు అన్నీ పలుగురాళ్లే. మామ రాయి చేతికి రాగానే మెరుపును పట్టించుకోడు, పలకలు చూస్తాడు. అరగని పలుగురాయి ఆరు పలకల స్తంభంలా ఉంటుంది, ఆ అడ్డగీతలు దానివే. సొంత ఆకారం చెడని వజ్రానికి ఎక్కువగా ఎనిమిది ముక్కోణపు ముఖాలుంటాయి. అంచులు గుండ్రంగా అరిగినట్టుంటాయి, పైన నూనె రాసినట్టు ఒక జిగి ఉంటుంది. భూతద్దంలో చూస్తే కొన్నిటి ముఖాల మీద బుల్లి ముక్కోణపు గుర్తులు కూడా కనబడతాయి.

వాగులో దొర్లి దొర్లి ఆకారం పోయిన రాయైతే నీళ్లలో తూకం వేయాల్సిందే. నాకు అన్నిటికంటే నమ్మకం దీని మీదే. గ్రాములో నూరో వంతు వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి, నగల పని చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. మొదట పొడిగా తూచి రాసుకోండి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి అంకెను సున్నాకి తెచ్చుకోండి. రాయికి సన్నటి దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకీ పక్కలకీ తగలకుండా పట్టుకోండి. రాయికి అంటుకున్న గాలిబుడగలుంటే విదిలించేయండి. ఇప్పుడు కనబడే అంకెతో పొడి తూకాన్ని భాగించాలి. మీ రాయి ఒక గ్రాము అన్నారు. పలుగురాయైతే నీళ్లలో 0.38 దగ్గర చూపిస్తుంది, భాగిస్తే సుమారు 2.65 వస్తుంది. వజ్రమైతే 0.28 దగ్గర చూపిస్తుంది, భాగిస్తే 3.5 వస్తుంది. ఇంత చిన్న రాయికి చెయ్యి వణికితే లెక్క మారిపోతుంది, అందుకే నాలుగైదుసార్లు తూచండి.

3.5 వచ్చినా అప్పుడే పండగ చేసుకోవద్దు, పుష్యరాగం (టోపాజ్) కూడా ఆ దగ్గర్లోనే వస్తుంది. అప్పుడు రత్నాల పరీక్ష ల్యాబ్‌కి తీసుకెళ్లి, కాగితం చేతికొచ్చాకే ధర మాట్లాడండి. ఒక గ్రాము అంటే 5 క్యారెట్లు. నిజంగా వజ్రమైతే గంటలో తేల్చేసే బేరం కాదు అది.

సుత్తితో కొట్టి మాత్రం చూడొద్దు. వజ్రం పగలదనేది అబద్ధం. దాన్ని గీయడం కష్టమే గానీ, సరైన వైపు దెబ్బ పడితే చీలిపోతుంది. దెబ్బకు పగిలింది కాబట్టి వజ్రం కాదని పారేస్తే ఎంత నష్టమో ఆలోచించండి.

ఇంకో మాట. మళ్లీ వెతకడానికి వెళ్తే రైతును అడిగే చేలోకి దిగండి. విత్తనం పడిన నేలను తొక్కితే ఆయనకు ఆ ఏడు పంట పోతుంది.

రెండు తూకాలు, పగటి వెలుగులో దగ్గరగా తీసిన ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.