పై షడ్జం దగ్గర గొంతు పట్టేస్తోంది... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 39. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకుని ఆపేసిన సంగీతం రెండేళ్ల కిందట మళ్లీ మొదలుపెట్టాను. ఆరు శ్రుతిలో పాడతాను. పై షడ్జం (పై 'స') దాటితే గొంతు పట్టేస్తోంది. సాయంత్రానికి బొంగురుపోతోంది. ఐదు వారాలుగా ఇదే పరిస్థితి. మిరియాల పాలు, అతిమధురం వాడినా గుణం కనిపించలేదు. దసరాకి గుళ్లో పాడాలి. టెన్షన్‌గా ఉంది. గొంతు బాగుపడే మార్గం చెప్పండి.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఆ ఐదు వారాల సంగతి చూద్దాం. జలుబు చేసి గొంతు పోతే మామూలుగా రెండు వారాల్లోపు తిరిగి వస్తుంది. నాలుగు వారాలు దాటినా బొంగురు తగ్గలేదంటే ఇంకా కషాయాలతో రోజులు గడపకూడదు. ఈఎన్‌టీ డాక్టర్‌ను కలిసి స్వరపేటికను కెమెరాతో పరీక్ష చేయించుకోండి. వీలైతే స్ట్రోబోస్కోపీ ఉన్న చోటికి వెళ్లండి. స్వరతంత్రులు, అంటే గొంతులో కంపించి శబ్దం పుట్టించే మడతలు, కదిలే తీరు అందులో నెమ్మదిగా కనిపిస్తుంది కాబట్టి చిన్న లోపం కూడా దొరుకుతుంది. టీచర్లలో, పాడేవాళ్లలో తరచూ చూసేవి నాడ్యూల్స్. రెండు తంత్రులూ గట్టిగా తగిలే చోట, పని చేసే చేతికి కాయ కాసినట్టు, చిన్న బుడిపెలు వస్తాయి. అవి క్యాన్సర్ కావు. చాలామందికి ఆపరేషన్ లేకుండా వాయిస్ థెరపీతోనే తగ్గుతాయి. మీకున్నవి అవేనని చూడకుండా చెప్పలేను. థైరాయిడ్ తక్కువైనా గొంతు బరువెక్కుతుంది కనుక ఆ సంగతీ డాక్టర్‌ని అడగండి.

ఇక శ్రుతి, అంటే మీ పాటకు ఆధారంగా పెట్టుకునే 'స' స్థాయి. ఆరు శ్రుతిలో ఆధార షడ్జం పలికితే మీ స్వరతంత్రులు సెకనుకు 220 సార్లు కంపిస్తాయి. పై షడ్జానికి 440 సార్లు. అంత వేగం అందుకోవాలంటే అవి బాగా సాగి పలచబడాలి. సాగనప్పుడు మనం మెడ బిగించి, గాలిని బలవంతంగా తోసి స్వరం పలికిస్తాం. మీరు పట్టేస్తోంది అంటున్నది ఈ బిగింపే కావచ్చు. ఒకసారి అద్దం ముందు కూర్చుని పాడండి. పై స్వరాలకు గడ్డం పైకి లేస్తున్నా, మెడ నరాలు ఉబ్బుతున్నా ఆ శ్రుతి మీకు ఎక్కువైనట్టే. ఐదున్నరకో, ఐదుకో దిగండి. గురువుగారికి ఈ మాట చెప్పడానికి మొహమాటపడకండి. వయసు పెరిగేకొద్దీ శ్రుతి తగ్గించుకోవడం పెద్ద విద్వాంసులకూ మామూలే.

నన్నడిగితే మీ గొంతుకు అసలు కష్టం తంబూరా ముందు కాదు, క్లాసులో. రోజంతా పిల్లల మీద గొంతెత్తి సాయంత్రం సాధనకు కూర్చుంటే, అప్పటికే వాచిన తంత్రులతో పాడుతున్నారన్నమాట. నా దగ్గరికి వచ్చే టీచర్లందరికీ నేను చెప్పేది చిన్న మైకు కొనుక్కోమని. చెవికి తగిలించుకునే మైకు, నడుముకు కట్టుకునే స్పీకరు చాలు. పిల్లలు నవ్వుతారేమోనని రెండు రోజులు బెరుకుగా ఉంటుంది, తర్వాత వాళ్లకీ మీకూ అలవాటైపోతుంది. వంటింట్లోంచి హాల్లోకి కేకలు వేయడం కూడా మానేయండి. మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటుంటే, అలా అనిపించినప్పుడల్లా ఒక గుటక నీళ్లు మింగండి. సవరించుకున్న ప్రతిసారీ తంత్రులు ఒకదానికొకటి రుద్దుకుంటాయి. గొంతు బాగాలేదని గుసగుసగా మాట్లాడినా మేలు జరగదు, మామూలు గొంతుతోనే మెల్లగా మాట్లాడండి.

సాధనను ఉదయానికి మార్చుకోండి. నేరుగా వర్ణం ఎత్తుకోకుండా మొదటి పది నిమిషాలు పెదాలు మూసి 'మ్' అంటూ మధ్య స్థాయిలోనే తిరగండి. తర్వాత గ్లాసులో సగం నీళ్లు పోసి స్ట్రా రెండు వేళ్ల లోతు ముంచండి. బుడగలు వచ్చేలా ఊదుతూ 'ఊ' అని షడ్జం నుంచి పంచమం ('ప') దాకా జారుతూ వెళ్లి, అలాగే కిందికి రండి. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ వాయిస్ థెరపీలో మేం నిజంగా చేయించేదే. పెదాల దగ్గర గాలికి అడ్డు ఉండటం వల్ల తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా కదులుతాయి. ఆ తర్వాత సరళీ వరసలు అకారంలో ('ఆ' అంటూ), మొదటి కాలంలో (నెమ్మదిగా) పాడండి. గాలి పీల్చేటప్పుడు భుజాలు లేవకూడదు, పక్కటెముకల కింద విచ్చుకోవాలి. ఇరవై నిమిషాలు పాడితే ఐదు నిమిషాలు ఆగండి.

తాగిన నీళ్లు స్వరతంత్రులను తాకవు. నీళ్లు అన్నవాహికలోకి పోతాయి, తంత్రులు ఉండేది శ్వాసమార్గంలో. అందుకే పాడే ముందు గ్లాసుడు గటగటా తాగి లాభం లేదు, పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. ఉత్త వేడినీళ్ల ఆవిరైతే నేరుగా తగులుతుంది. మిరియాల పాలు హాయినిస్తాయి, తాగండి. అతిమధురం మాత్రం బీపీ ఉన్నవాళ్లు రోజూ వాడకూడదు. పొద్దున లేవగానే గొంతు మరీ బొంగురుగా ఉంటే అసిడిటీ కారణం కావచ్చు. రాత్రి భోజనానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉండేలా చూసుకోండి.

దసరాకి పాడొద్దని ఇప్పుడే అనను, పరీక్షలో ఏం తేలుతుందో చూడాలి. ఈలోపు పై స్థాయిలో ఎక్కువసేపు నిలవనక్కర్లేని కీర్తనలు ఎంచుకోండి. పాడుతుండగా ఉన్నట్టుండి గొంతు ఆగిపోతే అక్కడితో ఆపేయండి. తంత్రిలో రక్తం చిమ్మినా అలాగే జరుగుతుంది. మాట కూడా మానేసి ఆ రోజే డాక్టర్‌కి చూపించుకోండి.