విడాకులు ఏ దేశపు కోర్టులో? ఆ ప్రశ్నకే పొదుపంతా ఖర్చు చేసుకోకండి

అమ్మా, మీ భర్త హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేశారని, మీరు ఇంగ్లండులో వేయాలనుకుంటున్నారని, ఏ దేశపు కోర్టు విచారించాలో ఆర్బిట్రేషన్‌తో, అంటే కోర్టు బయట ఇద్దరూ ఒప్పుకున్న ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పుతో, తేల్చుకోవచ్చా అని అడిగారు. తేల్చుకోవచ్చు. అయితే ఆర్బిట్రేటర్ చేతిలో ఏముందో, ఏం లేదో తెలుసుకోకుండా దిగితే, రెండు దేశాల లాయర్ల ఫీజులకు మూడో ఖర్చు తోడవుతుంది.

నేను ఇంగ్లండుకు వచ్చిన తొలి ఏళ్ళలోనే మా కాపురం చెడింది. ముందుగా ఎవరు కేసు వేస్తే వారి కోర్టుదే విచారణ అని పరిచయస్థులు చెబితే నమ్మి, ఆయన విజయవాడలో వేసేలోపు ఇక్కడ వేయాలని, ఎవరినీ సంప్రదించకుండా తొందరపడ్డాను. ఆ నియమం ఐరోపా సమాఖ్య దేశాల మధ్య నడిచినది. 2020 డిసెంబరు 31తో ఇంగ్లండుకు అదీ పోయింది. భారతదేశానికి అది ఏనాడూ వర్తించలేదు. ఇక్కడి జడ్జి చూసేది మీ జీవితం, ఆస్తులు, సాక్షులు ఏ దేశంతో ఎక్కువగా ముడిపడి ఉన్నాయన్నదే. ఆ ఒక్క ప్రశ్న మీద ఇక్కడ బారిస్టర్‌కు, అక్కడ వకీలుకు, అఫిడవిట్లకు, భారతీయ చట్టాన్ని వివరించే నిపుణుడి నివేదికకు వేర్వేరుగా డబ్బు కడుతూ పోతే, ఇంటి డిపాజిట్ కోసం దాచిన సొమ్ము విడాకుల ప్రస్తావన రాకముందే అయిపోయింది. భరణం గురించి అడిగే వేళకు పంచుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగలలేదు. ఆ తర్వాత ఒంటరిగా నిలదొక్కుకుని, పాపను చదివించి, ఇల్లూ కొన్నాను గనుకనే మీకు ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఇంగ్లండులో కుటుంబ తగాదాలకు ఆర్బిట్రేషన్ పథకం 2012 నుంచి ఉంది. దంపతులిద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అది మొదలవుతుంది. ఒకరు కాదంటే అక్కడితో సరి. ఆర్బిట్రేటర్ విడాకులు ఇవ్వలేరు, లేని అధికార పరిధిని ఏ కోర్టుకూ కట్టబెట్టలేరు. రెండు దేశాల కోర్టులకూ అధికారం ఉన్నప్పుడు ఏది తగినదో చెప్పగలరు. ఆ నిర్ణయం ప్రకారం రెండో చోట కేసు ఉపసంహరించుకుంటామని మీరిద్దరూ ముందే సంతకాలు చేయాలి. పిల్లల విషయాన్నీ, క్రిమినల్ కేసులనూ ఇందులో కలపవద్దు; వాటి నియమాలు వేరు, మీ సొలిసిటర్ చెబుతారు.

అసలు చిక్కు హైదరాబాదులో ఉంది. వివాహ వివాదాలు ఆర్బిట్రేషన్‌కు తగినవి కావని భారత సుప్రీంకోర్టు 2011లో బూజ్ అలెన్ కేసులో చెప్పింది. విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలుకు సంబంధించిన న్యూయార్క్ ఒప్పందాన్ని కూడా భారతదేశం వాణిజ్య వివాదాలకే పరిమితం చేసుకుంది. కనుక ఇక్కడి ఆర్బిట్రేటర్ కాగితాన్ని చూపి అక్కడి కేసు ఆపించుకోవచ్చన్న ఆశ పెట్టుకోకండి. మీ భర్త తన వకీలు ద్వారా పిటిషన్ ఉపసంహరణ మెమో వేస్తేనే అది ఆగుతుంది.

ఇంకొక మాట. తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక తెలుగు జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో విడాకులు తెచ్చుకుంటే, ఆ డిక్రీ చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పిచ్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో వచ్చిన విదేశీ విడాకులను, ఎదుటివారు విడాకులకు సమ్మతించి ఉంటే తప్ప, అక్కడ గుర్తించరు. 2022 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు విడాకుల్లో తప్పెవరిదో చెప్పే పని లేదు. అది హిందూ వివాహ చట్టంలోని కారణం కాదు. అందుచేత ఆర్బిట్రేటర్ ఇంగ్లండే తగినదంటే, విడాకులకు మీ భర్త సమ్మతి స్పష్టంగా కాగితం మీద ఉండాలి. లేకపోతే ఇక్కడ ఖర్చు పెట్టి తెచ్చుకున్న డిక్రీ అక్కడ పనికిరాక, మళ్ళీ హైదరాబాదులో ఖర్చు మొదలవుతుంది. హైదరాబాదే తగినదని తేలితే, ఇద్దరూ కలిసి హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకార విడాకులు అడగడం చౌక.

ముందుగా, అధికార పరిధి వివాదాన్ని కోర్టులో చివరిదాకా నడిపితే ఎంతవుతుందో రెండు దేశాల లాయర్ల చేతా కాగితం మీద రాయించుకోండి. ఆర్బిట్రేటర్ ఫీజు ఎంతో, ఎవరి వాటా ఎంతో కనుక్కోండి. ఆ అంకెలు పక్కపక్కన వేసి, హైదరాబాదు వాయిదా రాకముందే మీ భర్తకు పంపించండి. కోపంతో కాదన్న మనిషి కూడా ఆ లెక్క చూశాక సంతకానికి రావచ్చు.