వెస్ట్ నైల్ వైరస్, పక్షులు: వేల పేపర్లలోంచి పనికొచ్చేవి ఎలా ఏరాలి?

దోమల ద్వారా పాకే వెస్ట్ నైల్ వైరస్‌కు ఏయే పక్షులు అతిథేయులో (అంటే వైరస్ ఒంట్లో పెరిగి, కుట్టిన దోమకు ఎక్కేది ఏ పక్షుల నుంచో) చూసే సమీక్షకు రెండు వేల పైచిలుకు పేపర్లు వచ్చాయి, టైటిల్ చూసి ఏరేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నేను అలాగే చేసి చేతులు కాల్చుకున్నాను.

పక్షి రక్తంలో యాంటీబాడీలు దొరికాయన్న ప్రతి పేపర్‌నీ నేను 'అతిథేయి' ఖాతాలో వేసేశాను. సగం పని అయ్యాక మా గైడ్ ఒకటే అడిగారు: "ఈ పక్షిని కుట్టిన దోమకు వైరస్ ఎక్కుతుందా?" నా దగ్గర జవాబు లేదు. యాంటీబాడీలు ఉన్నాయంటే వైరస్ ఎప్పుడో సోకింది, పక్షి బతికి బయటపడింది, అంతే. కోళ్లనే చూడండి. వాటికి వైరస్ సోకుతుంది, యాంటీబాడీలూ వస్తాయి, కానీ రక్తంలో వైరస్ దోమకు ఎక్కేంత ఉండదు. అందుకే ఊళ్లో వైరస్ తిరుగుతోందా అని కనిపెట్టే నిఘా కోసం వాటిని బోనుల్లో పెడతారు. మరోపక్క, 2003లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో 25 పక్షి జాతులకు వైరస్ ఎక్కించి చూస్తే, దోమలకు వైరస్ అంటించగల పక్షుల్లో బ్లూ జే, కాకి లాంటివి ముందు వరసలో నిలిచాయి. ఏరిన పేపర్లన్నీ మళ్లీ మొదటినుంచి చదివేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకని ఏరేటప్పుడే ప్రతి పేపర్‌కూ ఒక గుర్తు పెట్టండి: యాంటీబాడీలు మాత్రమేనా, వైరస్ దొరికిందా, ల్యాబ్‌లో సోకించి రక్తంలో ఎంత ఉందో, ఎన్నాళ్లుందో కొలిచారా, దోమ కడుపులోని రక్తం ఏ పక్షిదో చూశారా. ఈ చివరి రకాన్ని చాలామంది పక్కన పడేస్తారు. అమెరికన్ రాబిన్ అనే పక్షి ఈ వైరస్ వ్యాప్తిలో ఎంత ముఖ్యమో బయటపడింది వాటివల్లే. ఈ వైరస్‌ను మోసే క్యూలెక్స్ దోమలు దాన్ని పనిగట్టుకుని కుడతాయి మరి. యాంటీబాడీ పేపర్లలో ఎలైజా (యాంటీబాడీలు ఉన్నాయా అని చూసే మామూలు రక్త పరీక్ష) ఒక్కటే చేసి, అవి ఏ వైరస్‌వో తేల్చే న్యూట్రలైజేషన్ పరీక్ష చేయకపోతే 'అనుమానం' అని రాసుకోండి. దీనికి దగ్గరి చుట్టాలైన ఉసుటు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ల యాంటీబాడీలు కూడా ఎలైజాలో పాజిటివ్ చూపించగలవు.

వెతుకులాట పదాలతో ఇంకో తంటా. టర్కీ కోడి కోసం వెతికితే టర్కీ దేశంలో మనుషుల మీద, గుర్రాల మీద చేసిన సర్వేలు వచ్చి పడ్డాయి. కోడిపిల్ల కోసం 'చిక్' అని కొడితే గుడ్లలో వైరస్‌ను పెంచిన ల్యాబ్ పేపర్లు. వీటిని టైటిల్ చూసి తీసేయొచ్చు, భయం లేదు. టెన్షన్ అంతా పాత పేపర్లతోనే. 1950లలో ఈజిప్ట్‌లో కాకులు, పిచ్చుకల మీద ముఖ్యమైన పని జరిగింది. ఆ కాలం పేపర్లు చాలావాటికి సారాంశమే కనిపించదు, కొన్నింటి టైటిల్‌లో 'పక్షి' అన్న మాటే ఉండదు, శాస్త్రీయ నామం ఒక్కటే ఉంటుంది. సారాంశం లేనివాటిని తీసేయకుండా నేరుగా పూర్తి పేపర్ చదివే దొంతరలో వేయండి.

మొదటి వంద పేపర్లూ ఇంకొకరితో కూడా విడివిడిగా ఏరించి పోల్చుకోండి. నాకూ, నాతో పాటు ఏరిన ఆయనకూ ఎక్కువ పేచీ వచ్చింది జూలో చచ్చిపోయిన పక్షుల రిపోర్టుల దగ్గర. "ఒకట్రెండు పక్షులేగా" అని ఆయన తీసేశారు, నేను ఉంచాను. 1999లో న్యూయార్క్‌లో ఈ వైరస్ ఆచూకీ దొరకడానికి జూ పక్షులు, కాకుల చావులే దారి చూపించాయని గుర్తుచేశాక ఆయనా ఒప్పుకున్నారు.