హైదరాబాద్‌లో అమ్మానాన్నలకు క్రికెట్ టీవీ: ఇక్కడి నుంచి కొనిపెట్టే ముందు

అమెరికా వచ్చి నాలుగు జీతాలు పడగానే చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: ఐపీఎల్ మొదలయ్యేలోపు కూకట్‌పల్లిలోనో, ఉప్పల్‌లోనో ఉన్న ఇంట్లో పెద్ద టీవీ పెట్టించాలి. వెంటనే రెండు సందేహాలు. బ్లాక్ ఫ్రైడేకి ఇక్కడ చవగ్గా వస్తోంది కదా, పట్టుకెళ్తే పోలా? 4కే (హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుండే తెర) కొంటే బొమ్మ నిజంగా అంత బాగుంటుందా?

మొదటిదానికి జవాబు: వద్దు. ఫ్లాట్ ప్యానెల్ టీవీని విమాన ప్రయాణికుల డ్యూటీ ఫ్రీ జాబితా నుంచి 2013 ఆగస్టులోనే తీసేశారు. శంషాబాద్‌లో దిగాక కస్టమ్స్ దగ్గర లెక్క తేల్చుకోవాలి. ఇక్కడ అమ్మే మోడళ్లలో చాలావాటి వెనక 110-120 వోల్టులని మాత్రమే రాసి ఉంటుంది. వాటిని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే పవర్ బోర్డు పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టినా ఇంకో చిక్కు ఉంది. మన సెట్ టాప్ బాక్సులు ఇచ్చేది 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు మారే బొమ్మ) సిగ్నల్. అమెరికా మోడళ్లలో కొన్ని దాన్ని తీసుకోనే తీసుకోవు, 'నో సిగ్నల్' అని చేతులెత్తేస్తాయి. ఇక్కడి వారంటీ కూడా మామూలుగా అక్కడ చెల్లదు. పైగా 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18కి తగ్గింది. అక్కడే కొనండి.

రెండోదానికి జవాబు చెప్పే ముందు ఒక పని. వీడియో కాల్ చేసి, ఇప్పుడున్న టీవీ వెనక్కి ఫోన్ తిప్పమనండి. సెట్ టాప్ బాక్సు నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు వస్తోందా? అయితే జబ్బు టీవీది కాదు. ఆ పసుపు పిన్నులోంచి 576 గీతల బొమ్మ తప్ప మరొకటి రాదు, బాక్సు మీద హెచ్‌డీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా సరే. అదే సిగ్నల్‌ని 55 అంగుళాల 4కే టీవీకి ఇస్తే పాత 32 అంగుళాల టీవీలో కంటే అధ్వానంగా కనిపిస్తుంది, మసక కూడా పెద్దదవుతుంది కాబట్టి. హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి తెప్పించి మార్పించండి. తర్వాత బాక్సు మెనూలో వీడియో అవుట్‌పుట్ 576 మీద ఉంటే 1080ఐకి (1080 గీతల హెచ్‌డీ బొమ్మ) మార్చమనండి. 4కే బాక్సు అయినా దాన్నీ 1080ఐలోనే ఉంచడం మేలు. ఆ బొమ్మను పెద్దది చేసే పని బాక్సు కంటే మంచి టీవీయే బాగా చేస్తుంది.

ఇక ప్యాక్. కేబులతను హెచ్‌డీ బాక్సు ఇచ్చి ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు బొమ్మ) ప్యాక్ వేసి వెళ్లిపోవడం మామూలే. మ్యాచ్ పెట్టి రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే ఛానెల్ పేరు చివర హెచ్‌డీ అని రావాలి. రాకపోతే హెచ్‌డీ ఛానెల్ విడిగా వేయించాలి, నంబరు కూడా వేరే ఉంటుంది. నాన్నగారికి అలవాటైన నంబరు ఎస్‌డీదే అయితే, కొత్త నంబరును కాగితం మీద రాసి రిమోట్ వెనక అంటించమనండి. ఈ మూడూ సరిచేశాక చాలా ఇళ్లలో కొత్త టీవీ ఊసే పోతుంది.

అయినా కొనాలనుకుంటే ముందు టేపు పట్టండి. కంటి లెక్క ప్రకారం 55 అంగుళాల తెర మీద హెచ్‌డీకీ 4కేకీ తేడా తెలియాలంటే దాదాపు 7 అడుగుల లోపు కూర్చోవాలి. 65కి ఎనిమిదిన్నర, 43కి ఐదున్నర. సోఫా నుంచి గోడకి ఎనిమిదిన్నర అడుగులుండే హాల్లో 43 అంగుళాల 4కే పెడితే ఆ 4కే పెట్టె మీద అక్షరాలకే పరిమితం. అంత దూరానికి 65 పెట్టండి. అది దాదాపు 145 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, కార్పెంటర్ చేసిన టీవీ యూనిట్ గూట్లో పడుతుందో లేదో కొలిపించండి.

ఆటకి పిక్సెళ్ల కంటే కదలిక ముఖ్యం. 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనులో యాభయ్యో వంతులో 78 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే ఒక ఫ్రేముకీ మరో ఫ్రేముకీ మధ్య అంత దూరం. అందుకే నేటివ్ రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకి నిజంగా ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క) 120 హెర్ట్జ్ ఉన్న ప్యానెల్ చూడండి. 'మోషన్ రేట్ 240' లాంటివి కంపెనీలు సొంతంగా కట్టుకున్న అంకెలు, వాటిని నమ్మకండి. పంజాగుట్టలోనో, కేపీహెచ్‌బీలోనో షోరూమ్‌కి వెళ్లేవాళ్లకి ఒక్క మాట చెప్పి పంపండి: షాపువాళ్లు వేసే పూలు, చేపల డెమో ఆపించి, యూట్యూబ్‌లో క్రికెట్ హైలైట్స్ పెట్టించమని. కెమెరా బంతి వెంట తిరిగేటప్పుడు పచ్చ గ్రౌండ్ మీద మురికి మరకల్లాంటి చారలు కదలకుండా నిలబడితే ఆ పీసు వద్దు. పూల డెమోలో ఈ లోపం జన్మకి కనిపించదు.

హాల్లో పక్కన దివాన్ మీద పడుకుని చూసే అలవాటుంటే, అక్కణ్ణుంచి కూడా రంగు వెలిసిపోతోందేమో చూడాలి. మామూలు ఎల్‌ఈడీ టీవీల తెరల్లో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు. వీఏ ప్యానెల్‌కి నలుపు బాగుంటుంది కానీ పక్కనుంచి చూస్తే పాలిపోతుంది. ఐపీఎస్‌ది సరిగ్గా తిరగేసిన కథ. ఓఎల్‌ఈడీ (ఒక్కో చుక్కా తనే వెలిగే తెర) రెండింటికీ మంచిదే, కదలికకైతే దాన్ని మించింది లేదు. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే న్యూస్ ఛానెల్ మోగే ఇల్లయితే కింద ఎర్ర స్క్రోలింగూ మూల లోగో తెర మీద అచ్చుపడే ప్రమాదం ఉంది. బాల్కనీ తలుపు నుంచి వెలుతురు పడే హాలుకీ, న్యూస్ పిచ్చి ఉన్న ఇంటికీ మినీ ఎల్‌ఈడీకే (తెర వెనక చిట్టి దీపాలుండే రకం) మా ఓటు.

4కే ఆట వచ్చేది నెట్ మీదే, అదీ అన్ని మ్యాచ్‌లకీ కాదు. దానికి నికరంగా 25 ఎంబీపీఎస్ చాలు. రౌటర్ అదే గదిలో ఉంటే టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి, గోడ అవతల ఉంటే వీలైతే క్యాట్ 6 వైరు (నెట్ కేబుల్) లాగించండి. మ్యాచ్‌లు వచ్చే యాప్ సబ్‌స్క్రిప్షన్ నాన్నగారి ఫోన్ నంబరు మీదే తీసుకోండి. మీ నంబరు మీద తీసుకుంటే అక్కడ మధ్యాహ్నం మ్యాచ్ టాస్ పడే వేళకి ఓటీపీ మీ నిద్రలోకి వస్తుంది. ప్లాన్ టీవీకి పనికొచ్చేదో కాదో చూసి మరీ డబ్బు కట్టండి, మొబైల్ ప్లాన్‌తో టీవీలో రాదు.

ఫైర్ టీవీ స్టిక్ వాడుతుంటే ఒక సంగతి. అది 60 హెర్ట్జ్ మీద ఉంటే, 50 ఫ్రేముల క్రికెట్‌కి సెకనుకి పది ఫ్రేములు రెండేసిసార్లు చూపిస్తుంది. బంతి బౌండరీకి దొర్లుతుంటే గ్రౌండంతా కుదుపులుగా కదులుతుంది. నెట్ స్లో అనుకుని ప్లాన్ పెంచుకుంటారు పాపం. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ సౌండ్స్, డిస్‌ప్లే, వీడియో రిజల్యూషన్‌లోకి వెళ్లి 50 హెర్ట్జ్ ఎంచుకోండి. తెర నల్లగా అయిపోతే రిమోట్‌లో పై బాణం, రివైండ్ కలిపి పది సెకన్లు పట్టుకుంటే ఒక్కో రిజల్యూషన్ మారుతూ వస్తుంది, బొమ్మ కనబడ్డప్పుడు ఓకే నొక్కాలి.

టీవీ సెట్టింగుల్లో వివిడ్, డైనమిక్, స్పోర్ట్స్ మోడ్‌లు తీసేసి స్టాండర్డ్‌లో పెట్టండి. స్పోర్ట్స్ మోడ్ గడ్డికి రంగు పూసినట్టు చేస్తుంది. ఎకో మోడ్ ఆపండి. షార్ప్‌నెస్ తగ్గించండి. మోషన్‌లో బ్లర్ (మసక) తగ్గించేది మధ్యలో, జడ్డర్ (కుదుపు) తగ్గించేది అట్టడుగున ఉంచండి, లేకపోతే బంతి చుట్టూ నీడలా చిరుగులు వస్తాయి. స్కోరు పట్టీ అంచు తెగిపోతుంటే పిక్చర్ సైజులో స్క్రీన్ ఫిట్ పెట్టాలి.

డెలివరీ అయ్యాక టెక్నీషియన్ వచ్చేదాకా అట్టపెట్టె విప్పొద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. పగిలిన ప్యానెల్‌కి వారంటీ ఉండదు, విప్పేటప్పుడు వీడియో తీయించండి. గోడకి బిగించేటప్పుడు తెర మధ్యభాగం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. అడగకుండా వదిలేస్తే ఐదడుగుల పైన బిగించి వెళ్తారు, టెస్ట్ మ్యాచ్ మొదటి సెషన్‌కే మెడ పట్టేస్తుంది.