చార్జిషీటు రాసేముందు

అమ్మాయీ,

మీ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఆపరేటర్ సూపర్‌వైజర్ కాలరు పట్టుకున్నాడనీ, సోమవారానికల్లా అతన్ని తీసెయ్యమని పైవాళ్లు తొందరపెడుతున్నారనీ రాశావు. లొంగకు తల్లీ. చెయ్యి చేసుకోవడం చిన్న తప్పు కాదు, ఉద్యోగం పోయినా పోవచ్చు. కానీ ముందు అది తేలాలి.

చార్జిషీటు, అంటే అతని మీద ఆరోపణలు రాసిచ్చే కాగితం, దానిమీదే ఎక్కువసేపు కూర్చో. "దురుసుగా ప్రవర్తించావు" అని రాస్తే అతను దేనికని జవాబు చెప్తాడు? ఏ తేదీ, ఎన్నింటికి, ఏ మెషిన్ దగ్గర, ఏమన్నాడు, ఏం చేశాడు, స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాల్లో, ఏ క్లాజు కిందికొస్తుంది, అన్నీ రాయి. అతను చదవగలిగే భాషలో ఇవ్వు. "నిన్నెందుకు డిస్మిస్ చేయకూడదు?" అన్న ముక్క మాత్రం రానీయకు. వినకముందే నిర్ణయించేశారని ఆ ఒక్క వాక్యమే సాక్ష్యం చెబుతుంది.

సస్పెన్షన్ శిక్ష కాదు. సాక్షుల్ని బెదిరిస్తాడన్న భయం నిజంగా ఉంటేనే సస్పెండ్ చెయ్యి. అప్పుడు భత్యంగా మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం అతని వల్ల కాకపోతే 75 శాతం, ఏ నెలకా నెల అందాలి. భారత్ గోల్డ్ మైన్స్ ఉద్యోగి ఒకాయన ఆ భత్యం అందక, చేతిలో డబ్బుల్లేక ఎంక్వైరీకి వెళ్లలేకపోయాడు. ఆయన లేకుండా జరిపిన ఎంక్వైరీ చెల్లదని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. తిండికి లేనివాణ్ణి వాదించుకోమనడం ఎంత అన్యాయమో చూడు.

ఎంక్వైరీ ఆఫీసరుగా ఆ సూపర్‌వైజర్ పై అధికారిని వేయకు. వేరే యూనిట్‌వాళ్లనో, బయటి లాయరునో పెట్టు. సాక్షులు అతని ఎదుటే చెప్పాలి, అతను వాళ్లను ప్రశ్నించాలి, తోడుగా తోటి కార్మికుణ్ణి తెచ్చుకుంటానంటే తెచ్చుకోనీ. ఏ రోజు రికార్డు మీద ఆ రోజే అందరి సంతకాలు పడాలి.

రిపోర్టు వచ్చాక చాలామంది నేరుగా ఆర్డరు కొట్టేస్తారు. శిక్ష వేయకముందే ఆ రిపోర్టు కాపీ అతనికిచ్చి, ఏమంటాడో వినాలి. 1993లో సుప్రీంకోర్టు ఇది స్పష్టంగా చెప్పింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్) కేసులోనే.

ఇంకొకటి. మొదట సూపర్‌వైజరే ఆపరేటర్ తల్లిని తిట్టాడట అని ఉత్తరం చివర రాశావు. అది చివర రాయాల్సిన సంగతి కాదు. దానిమీదా విడిగా విచారణ జరిపించు. నిజమైతే ఆయనకీ చార్జిషీటు వెళ్లాలి, ఆపరేటర్ శిక్ష తూచేటప్పుడూ అది లెక్కలోకి రావాలి, పాత సర్వీసుతో పాటు.

సోమవారం పైవాళ్లు అడిగితే "చార్జిషీటు ఇచ్చాం, సంజాయిషీకి గడువు ఫలానా తేదీ" అని చెప్పు. డ్రాఫ్టు నాకు పంపు, ఇచ్చేలోపు ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న