వంపు ఎక్కడ విరిగింది?

ప్రశ్న: స్టీలు గేట్లు, రెయిలింగులు చేస్తాను. ఒక విల్లా గేట్ల కోసం మామిడి పిందెల డిజైన్ క్యాడ్‌లో నేనే గీశాను. 304 గ్రేడు, 3 ఎంఎం షీట్లు 13 కొని లేజర్ కటింగ్ షాపుకు జాబ్ వర్కుకు ఇచ్చాను. ఫైల్ వాట్సాప్‌లో పంపాను. పాత వెర్షన్‌లో పంపమని అక్కడి కుర్రాడు ఫోన్లో చెబితే అలాగే పంపాను. మొదటి పీసు ఫొటో వస్తే, పెళ్లిలో ఉండి సరేనన్నట్టు బొటనవేలు ఎమోజీ పెట్టాను. 9 షీట్లు కోసి 2023 నవంబరు 14న డెలివరీ ఇచ్చారు. వంపులన్నీ పలకలు పలకలుగా ఉన్నాయి. 2024 మార్చిలో కస్టమరు ఆర్డరు రద్దు చేశాడు. ‘మీ ఫైలే అంత’ అంటున్నాడు ఓనరు. బిల్లు 38,000 కడితేనే కోయని 4 షీట్లు ఇస్తాడట. తర్వాత నేను ఫైల్ సరిచేసి అదే పేరుతో సేవ్ చేశాను. దాన్నే పాత తేదీతో చూపించి చీటింగ్ కేసు పెట్టమంటున్నాడు మా బావమరిది. నిద్ర పట్టడం లేదు. షీట్ల డబ్బు, పోయిన ఆర్డరు లాభం వస్తాయా?

జవాబు: కస్టమరు ఏం చేశాడో, ఓనరు ఏమంటున్నాడో రాశారు. కేసును తేల్చేది అది కాదు. వంపు మీ ఫైల్‌లోనే విరిగిందా, షాపులో విరిగిందా? తేలాల్సింది ఇదొక్కటే.

కోర్టుకు వెళ్లకముందే ఇది తెలుసుకోవచ్చు. క్యాడ్ బొమ్మను కటింగ్ షాపుకు పంపే డీఎక్స్ఎఫ్ ఫైల్ మామూలుగా అక్షరాల ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పైభాగంలో వెర్షన్ ఉంటుంది. అక్కడ ‘ఏసీ1009’ అని ఉంటే అది పాత ఆర్12. ఆ రకంలో ‘స్ప్లైన్’ అనే నున్నటి వంపు గీతకు చోటే లేదు. కాబట్టి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే మీ సాఫ్ట్‌వేర్ మామిడి పిందెను చిన్న చిన్న సరళ రేఖలుగా ముక్కలు చేసేసి ఉంటుంది. కిందికి వెళ్తే ‘పాలీలైన్’ (ముక్కల గీత), ‘వెర్టెక్స్’ (ముక్కలు కలిసే బిందువు) అని వరుసగా కనిపిస్తాయి. అలా కాక ఫైల్‌లో ‘స్ప్లైన్’ అనే ఉంటే, దాన్ని ముక్కలు చేసింది షాపు సాఫ్ట్‌వేర్. చాలా మెషీన్లకు సరళ రేఖ, వృత్త చాపం తప్ప వేరే గీత అర్థం కాదు, మధ్యలో ఎవరో ఒకరు మార్చాల్సిందే. ఆ మార్పులో ఎంత తేడా పరవాలేదన్న సెట్టింగు వదులుగా పెడితే వంపు పలకలవుతుంది. ఇంకో పరీక్ష ఉంది. కోసిన పీసు మీద ఒక పలక పొడవును వెర్నియర్‌తో కొలవండి. 14 ఎంఎం వచ్చి, ఫైల్‌లో కూడా అక్కడ రెండు బిందువుల మధ్య 14 ఎంఎమ్మే ఉంటే, మెషీన్ మీరిచ్చింది ఇచ్చినట్టే కోసింది.

మీరు రాసినదాన్ని బట్టి వంపు మీ ఫైల్‌లోనే విరిగినట్టుంది. అలాగైతే పరిహారం దావా చాలా బలహీనం. పాత వెర్షన్ అడిగింది వాళ్లేనన్నది మీకున్న ఒకే వాదన, అదీ ఫోన్లో అన్న మాట. దానికి తోడు మీ బొటనవేలు ఎమోజీ వాళ్లకు మంచి సాక్షి. సెల్ ఫొటోలో పలకలు కనపడలేదని వాదించవచ్చు. కానీ 9 షీట్లు కోయించే మనిషి మొదటి పీసును చేత్తో తడిమి చూడలేదా అని జడ్జిగారు అడిగితే ఏం చెబుతారు?

గొడవ నడుస్తుండగా అసలు ఫైల్ మీదే సేవ్ చేయడం ఏం పని? వేరే పేరు పెట్టడానికి రెండు సెకన్లు పట్టదు! మీ అదృష్టం కొద్దీ వాట్సాప్‌లో పంపిన కాపీ ఆ చాట్‌లో ఉండాలి. ఫోన్ మార్చకండి, చాట్ తుడవకండి. ఆ ఫైల్‌ను తెరిచి సేవ్ చేయకండి, కాపీ మాత్రమే తీసుకోండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైల్‌కు వేలిముద్ర లాంటి అంకెల వరుస, అంటే హ్యాష్ విలువ రాయాలి. కాపీ చేస్తే ఆ విలువ మారదు, తెరిచి ఒక్క గీత కదిపి సేవ్ చేస్తే మారిపోతుంది.

మీ బావమరిది సలహా మిమ్మల్ని ముంచేది ఇక్కడే. షాపు ఫోన్లోనూ అదే ఫైల్ ఉంటుంది. రెండు హ్యాష్‌లు పక్కపక్కన పెడితే మీ అబద్ధం నిమిషంలో బయటపడుతుంది. కోర్టు కేసు కోసం దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష. నష్టపోయి వెళ్లి ముద్దాయిగా తిరిగొస్తారు. చీటింగ్ కేసూ నిలవదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉంటేనే చీటింగ్, పని చెడిపోతే కాదు.

ఇక దావా వేసే గడువు. ఆర్డరు రద్దయిన మార్చి నుంచి లెక్కేసుకుంటే తప్పు. ఒప్పందం చెడింది డెలివరీ రోజున. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 55 ప్రకారం అక్కడి నుంచి మూడేళ్లు, అంటే 2026 నవంబరు 14 దాకా. మీరు చేసే ఫోన్లు, ఓనరు ‘చూద్దాంలే అన్నా’ అనడం, రేపు పంపే లాయరు నోటీసు, ఇవేవీ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. బాధ్యత ఒప్పుకుంటూ గడువులోగా ఓనరు సంతకంతో రాసిస్తే పెరుగుతుంది.

పోయిన ఆర్డరు లాభం మీద ఆశ వదులుకోండి. ఫలానా విల్లా ఆర్డరు దీని మీదే ఆధారపడిందని పని ఇచ్చేటప్పుడే షాపుకు తెలిసి ఉంటే తప్ప కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 దాన్ని ఇవ్వదు. అదీ కలిపి దావా 3 లక్షలు చేరితే, అత్యవసర ఉత్తర్వు కోరేటప్పుడు తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లక తప్పదు.

కోయని 4 షీట్లు మాత్రం మీ చేతికొచ్చేవే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, పని చేసిన వస్తువును కూలీ ఇచ్చేదాకా ఆపుకోవచ్చు. ఈ నాలుగింటి మీద వాళ్లు ఏ పనీ చేయలేదు. రాత్రిపూట ఆటో తీసుకెళ్లి తెచ్చుకునే ఆలోచన మాత్రం వద్దు. బిల్లును ఊరికే వదిలేయడం కూడా ప్రమాదమే. షాపుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఉంటే ఎంఎస్ఎంఈ చట్టం కింద మీ మీదకు రావచ్చు. ఆ చట్టంలో అభ్యంతరం 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి, మీరు రాసిచ్చినట్టు లేదు. ఆలస్యమైన బాకీకి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ పడుతుంది.

ఈ వారమే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో నోటీసు పంపండి. నాలుగు షీట్లు అడగండి. వాళ్ల దగ్గరున్న ఫైల్‌ను, మెషీన్‌లో వేసిన ప్రోగ్రామ్‌ను చెరపవద్దని రాయండి. పీసులను ఇద్దరూ కలిసి చూసేందుకు తేదీ ఇవ్వండి. ఫైల్ తప్పు మీదేనని తేలితే, బిల్లులో కొంత తగ్గించుకుని షీట్లు తెచ్చుకుని రాజీ రాసుకోండి. ఫైల్‌లో ‘స్ప్లైన్’ ఉందని తేలితే ప్రింటు, ఒక పీసు పట్టుకుని స్థానిక న్యాయవాది దగ్గరకు వెళ్లండి. కోర్టు నియమించే కమిషనర్ చేత కొలిపించమని సివిల్ కోర్టును కోరవచ్చు. అప్పటిదాకా ఆ పీసులను గ్రైండింగుకు ఇవ్వకండి, తుక్కుకూ అమ్మకండి.