విశాఖలో నెలకు 11 వేల జీతం. ఇంతకంటే మంచి పనిలోకి ఎలా వెళ్ళాలి?

తమ్ముడూ, ద్వారకానగర్ బట్టల షాపులో 11 వేలకు చేస్తున్నానని, గాజువాకలో ఇంటి అద్దె, అమ్మ మందులు పోగా ఏమీ మిగలట్లేదని రాశావు. ప్లాంటులో పర్మనెంట్ ఉద్యోగం వేయిస్తానని ఒకాయన 80 వేలు అడుగుతున్నాడని, అమ్మ గొలుసు తాకట్టు పెట్టనా అని కూడా అడిగావు. ముందు దానికే జవాబు చెప్తాను. పెట్టొద్దు. స్టీల్ ప్లాంటైనా, షిప్‌యార్డైనా, నేవల్ డాక్‌యార్డైనా పర్మనెంట్ పోస్టంటే నోటిఫికేషన్ పడాలి, నువ్వు అప్లై చేయాలి, పరీక్ష నెగ్గాలి. మధ్యలో మనిషికి డబ్బు కడితే మహా అయితే ఏ కాంట్రాక్టర్ దగ్గరో గేట్ పాస్ ఇప్పిస్తాడు. అదీ పైసా ఇవ్వకుండానే దొరికేది.

రెండోది, అమ్మ మందుల సంగతి. మీ షాపులో ఇరవై మందికి పైగా పనిచేస్తుంటే ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా), పీఎఫ్ రెండూ ఉండాలి. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ వర్తిస్తుంది. నీ వాటా 0.75 శాతం, అంటే 11 వేల మీద 83 రూపాయలు. 3.25 శాతం యజమాని కడతాడు. నీ మీదే ఆధారపడిన అమ్మకి కూడా అందులో వైద్యం ఉంది. గాజువాక నుంచి మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి దూరమేమీ కాదు. రేపే అడుగు. జీతం పెరిగేలోపు ఇంట్లో కాస్త ఊపిరి ఆడేది దీనివల్లే. ఈ మాట నాకు ఎవరూ చెప్పక, మా నాన్న బీపీ మాత్రలకి మూడేళ్ళు అప్పులు చేశాను.

ఇక పని గురించి. 2014లో నేనూ నీలాగే పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కొట్లో 6,500కి చేసేవాణ్ణి. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కొట్టు పది రోజులు తెరవలేదు, ఆ పది రోజుల జీతం కోసేశారు. ఊరంతా రేకులు ఎగిరిపోయి, షట్టర్లు ఒంగిపోయి ఉన్నాయి. మా వీధిలో వెల్డింగ్ చేసే అన్నకి తినడానికి కూడా తీరిక లేదు. హెల్పర్‌గా రమ్మంటే వెళ్ళాను. నాకు రోజుకి 350 ఇచ్చాడు, ఆయన 800 తీసుకున్నాడు. ఇద్దరం ఒకే ఎండలో, ఒకే కప్పు మీద. ఆయన చేతిలో వెల్డింగ్ రాడ్ పట్టే హోల్డర్, నా చేతిలో రేకు.

అంతకుముందు నేను 500 ఎక్కువ ఇస్తారని రెండు షాపులు మారాను. ఎక్కడికెళ్ళినా ఆర్నెల్లకి అదే పరిస్థితి. చేతి పనికి టెస్ట్ పెట్టి, దాన్నిబట్టి జీతం ఇచ్చే పని నేర్చుకుంటేనే లెక్క మారుతుందని అప్పుడు పట్టుకున్నాను. మళ్ళీ కొట్లో చేరి, రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఆటోనగర్‌లో ఆ అన్న షెడ్డుకి పోయేవాణ్ణి. మొదటి ఆర్నెల్లు గ్రైండింగే. ఒకసారి నల్ల అద్దం లేకుండా ఆర్క్, అంటే వెల్డింగ్ వెలుగు, చూశాను. అర్ధరాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టయింది, రెండు రోజులు వెలుతురు చూడలేకపోయాను. నువ్వు మాత్రం ఆ పొరపాటు చేయకు.

మన ఊళ్ళో రిఫైనరీ, పరవాడ ఫార్మా, అచ్యుతాపురం వైపు పైపు పని ఎక్కువ. దానికి 6జీ టెస్ట్ అడుగుతారు. పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, దాన్ని తిప్పకూడదు, మనమే చుట్టూ తిరిగి అతకాలి. ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్‌తో మొదటి వరుస వేస్తారు, దాన్ని రూట్ అంటారు. వేసేటప్పుడు రెండు పైపుల సందులో తాళంచెవి కన్నం లాంటిది తెరుచుకుంటుంది. అది పెద్దదైతే లోపలికి కారుతుంది, మూసుకుపోతే లోపల అతకదు. ఆ కన్నాన్ని ఒకే సైజులో చుట్టూ నడిపించాలి. పైపు అడుగున, తల పైకెత్తి వేసే చోట నా చెయ్యి వణికేది. ముక్కని ఎక్స్‌రే తీస్తే అంతా కనబడిపోతుంది. రెండుసార్లు అక్కడే ఫెయిలయ్యాను. 2018లో మూడోసారి పాసయ్యాను. హెల్పర్‌గా 400 తీసుకునే చోటే రోజుకి 1,200 ఇచ్చారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. షట్‌డౌన్ పనులుంటే, అంటే ప్లాంటు ఆపి మరమ్మతులు చేయిస్తే, చేతినిండా డబ్బు, లేని నెలల్లో ఇంట్లో కూర్చోవాలి. ఒక కాంట్రాక్టర్ ఎనిమిది నెలలు నా జీతంలో పీఎఫ్ కోసి, ఖాతాలో జమ చేయలేదు. అప్పట్నుంచి ప్రతి నెలా ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకుంటాను. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు రావాలి, అది కూడా రాసి పెట్టుకో.

సర్టిఫికెట్ కావాలంటే కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐ ఉంది. వెల్డర్ ట్రేడ్ ఏడాది, ఎనిమిదో తరగతి చాలు. ఫిట్టర్ అయితే రెండేళ్ళు. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ వస్తుంది, కానీ అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు. ఇల్లు నీ మీదే నడుస్తోంది కాబట్టి ఉన్న జీతం వదలకుండా సాయంత్రాలు మొదలుపెట్టడమే నీకు మేలని నా అభిప్రాయం. వెల్డింగ్ పడకపోతే ఎలక్ట్రికల్, ఏసీ మెకానిక్ పనీ ఇలాగే నేర్చుకోవచ్చు.

గల్ఫ్ అంటావేమో. రిజిస్టరైన ఏజెంట్ 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు లేనివాడికి పాస్‌పోర్ట్ ఇవ్వకు.

నీ వారం సెలవు రోజున ఆటోనగర్ వెళ్ళు. నాలుగైదు షెడ్లలో అడుగు, డబ్బు వద్దు, సాయంత్రాలు గ్రైండింగ్ చేస్తాను, పని చూపించండి అని. ఇద్దరు కాదంటారు, ఒకరు సరే అంటారు. వెళ్ళేటప్పుడు నూలు ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకో. నైలాన్ అయితే నిప్పురవ్వ పడగానే కరిగి ఒంటికి అంటుకుంటుంది.